తుడిపెయ్యమన్న మాట

పోయిన వారం సలోమిని మనం శిరివెళ్ల దాటిన బస్సులో వదిలిపెట్టాం. ఒళ్లో సంచి, సంచిలో అరచేతిలో ఇమిడే చిన్న కెమెరా, మనసు నిండా విసుగు. ఆళ్లగడ్డకు ఆమె వెళ్లడం ఇది మూడోసారి.

నంద్యాలలో అరుణకుమారి నడిపే పెళ్లిసంబంధాల బ్యూరోలో సలోమి చేసే పని ఒక్కటే. అబ్బాయినీ అమ్మాయినీ వాళ్ల వాళ్ల ఇళ్లలో కూర్చోబెట్టి ఊరికే నాలుగు మాటలు మాట్లాడించాలి. దాన్ని వీడియో తీసి అటువాళ్లది ఇటు, ఇటువాళ్లది అటు చూపించాలి. ‘ఫొటోలో అందరూ బుద్ధిమంతులే, నోరు తెరిస్తే గదా మనిషి తెలిసేది’ అని అరుణకుమారే ఈ పద్ధతి మొదలుపెట్టి, దానికి ‘మాటామంతీ’ అని పేరు కూడా పెట్టింది. నంద్యాల అమ్మాయి రెబెకా వీడియో ఒక్క పూటలో ముగిసింది. ఆళ్లగడ్డ అబ్బాయి అజయ్ కుమార్ దగ్గరే బండి ఆగిపోయింది. రెండుసార్లు వెళ్లినా అతని నోటి నుంచి ఒక్క సొంత మాట రాలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక రెండువైపుల పెద్దలు కూర్చుని ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, రోజు ఖాయం చేసుకోబోతున్నారు. ఆలోపల అజయ్ మాటలు రెబెకా వినాలి.

ఇక ఆళ్లగడ్డలో ఏం జరిగిందో చూద్దాం.

గడపలోనే ఎదురొచ్చింది అజయ్ తల్లి హన్నమ్మ.

“వచ్చినావా సలోమమ్మా! రా, రా. ఇయ్యాల మావాడు గడగడా చెప్తాడు చూడు. రాత్రి కూచోబెట్టి అంతా నేర్పిచ్చినా.”

ఆ మాట వినగానే సలోమికి అటునుంచి అటే బస్సెక్కి వెళ్లిపోదామా అనిపించింది. నేర్పించకండి, ఎట్లా ఉన్నవాణ్ణి అట్లా ఉండనివ్వండి అని పోయినసారి ఆమె చెప్పిన మాట గోడకు చెప్పినట్టే అయింది.

లోపల అజయ్ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, మెడదాకా గుండీలు. వెనకాల ఫ్రిజ్ కనపడేలా కుర్చీని జరిపి పెట్టింది హన్నమ్మ. ఎప్పుడూ వంటింట్లో ఉండే ఆ ఫ్రిజ్ ఈ రోజు నడింట్లోకి ఎట్లా నడిచొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

సలోమి కెమెరా తీసింది. అది చూస్తే కెమెరాలాగే ఉండదు. సన్నటి పిడి, దాని మీద అటూ ఇటూ తిరిగే చిన్న తల. మొదటిసారి చూసినప్పుడు హన్నమ్మ అది గడ్డం గీసుకునే మిషన్ అనుకుంది. సలోమికి అందుకే అది ఇష్టం. ఫోన్ ఎత్తితే జనం జుట్టు సర్దుకుంటారు. ఇది ఎత్తితే కాసేపటికి మరిచిపోతారు. మరిచిపోయినప్పుడే మనుషులు మాట్లాడతారు.

“పొద్దున ఏం తిన్నావు అజయ్?” మామూలుగా అడిగింది.

“ఉగ్గాని, బజ్జీ,” అంది హన్నమ్మ. “మావాడు తిండికి పేరు పెట్టడు. ఏం పెట్టినా తింటాడు.”

“అత్తా, అజయ్‌ను చెప్పనీ.”

“చెప్పు నాయనా.”

“ఉగ్గాని,” అన్నాడు అజయ్. కాస్త ఆగి, “బజ్జీ,” అన్నాడు.

“నీకు కోపం ఎప్పుడొస్తాది?”

“మావానికి కోపమే రాదు!” ఈసారి జవాబు వంటింట్లోంచి వచ్చింది.

సలోమి పళ్లు బిగించుకుంది. “సరే, నీ గురించి నీకు తోచింది చెప్పు.”

అజయ్ ఒకసారి గొంతు సవరించుకున్నాడు. బడిపిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టు గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. “నేను దైవభక్తి గల కుటుంబములో జన్మించినాను. శిల్పముల వర్క్‌షాపులో పనిచేయుచున్నాను. ఇటీవలనే నాకు మిషన్ పని నుండి మేస్త్రీగా ప్రమోషన్ వచ్చినది…”

సలోమి కెమెరా ఆపేసింది. ఇది ఒక్క అజయ్ సంగతే కాదు. బ్యూరోలో చేరినప్పటి నుంచీ ఇదే తంతు. అబ్బాయిని అడిగితే తల్లి చెబుతుంది, అమ్మాయిని అడిగితే మేనమామ చెబుతాడు, ఇద్దరూ బయటికి వెళితే పక్కింటావిడ కిటికీలోంచి చెబుతుంది. సలోమి పెళ్లప్పుడు ఇట్లాంటి వీడియోలు లేవు. ఫొటోలో పెళ్లికొడుకు చక్కగా నవ్వాడు. ఆ నవ్వు వెనక ఏముందో రెండేళ్లు కాపురం చేశాక తెలిసింది, తెలిశాక పుట్టింటికొచ్చేసింది. అందుకే ఇది ఆమెకు ఉత్త జీతం పని కాదు. జీతం పనే అయితే ఇంత ఒళ్లు మండేది కాదు.

“అత్తా, ఇంట్లో వెలుతురు చాలదు. వర్క్‌షాపు కాడ తీస్తా.”

హన్నమ్మ మొహం చిన్నబోయింది. “ఆ దుమ్ములోనా? ఏం వద్దు. ఈడనే తియ్యి.”

“ఇది అన్నం తినే టైము గదా, మిషన్లు ఆపింటారు. నువ్వు టీ పెట్టి ఉంచు, అంతలోకే వచ్చేస్తాం.”

హన్నమ్మ ఇంకేదో అనబోయింది. అజయ్ అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నాడు.

వర్క్‌షాపు రోడ్డు పక్కనే. దూరం ఎక్కువేం లేదు. అయినా అజయ్ నడక సాగలేదు. నాలుగడుగులు వేసేవాడు, ఫోన్ తీసి చూసుకునేవాడు, మళ్లీ నడిచేవాడు. మరికాస్త దూరం పోయాక మళ్లీ ఫోన్. సలోమికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు గదా, ఈ సాగతీత ఎందుకు? ఎవరిని ఉద్ధరించడానికి?

షెడ్డులో గ్రైండర్లు ఆగి ఉన్నాయి. సగం చెక్కిన నంది ఒకటి, ముక్కూ మొహం ఇంకా తేలని అమ్మవారు ఒకరు, బయటి గోడకు ఆనించిన సమాధి రాళ్లు రెండు. అన్నిటి మీదా ఒకే బూడిదరంగు పొడి. అజయ్ లోపలికి పోలేదు. బయట నీడలో పడున్న రాతిదిమ్మె మీద చేతిరుమాలు పరిచి కూర్చున్నాడు.

“ఆ పిల్ల వీడియో ఇంగోసారి చూపిస్తావా అక్కా?”

పోయినసారి ఒకటికి రెండుసార్లు చూశాడు. సలోమి విసుగును మింగుకుని ఫోన్‌లో పెట్టింది.

రెబెకా ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. మెడలో విజిల్‌తోనే మాట్లాడింది, తీయడం మరిచిపోయింది. “నాకు వంట అంతంతే అక్కా. ఆ సంగతి ముందే చెప్పేయండి,” అని నవ్వింది. “మా ఇంట్లో నాకు పందేల పిచ్చి అంటారు. పెండ్లయినాక మా ఆయనతో రోజూ మిద్దె మెట్ల పందెం పెడతా. ఓడిపోయినోళ్లు గిన్నెలు కడగాల.”

అజయ్ పెద్దగా నవ్వాడు. నవ్వు సగంలోనే దగ్గుగా మారింది. దగ్గు చాలాసేపు ఆగలేదు. తగ్గాక కళ్లు తుడుచుకుని, మెడ దగ్గర గుండీ విప్పుకున్నాడు.

“ఇప్పుడు పెట్టక్కా కెమెరా. నువ్వేం అడగొద్దు. ఎర్ర లైటు వెలుగుతాంటేనే గదా రికార్డయ్యేది?”

“అవును. వెలుగుతాంది.”

ఈసారి అతను గోడవైపు చూడలేదు. నేరుగా కెమెరాలోకి చూశాడు.

“రెబెకా గారూ, మీ వీడియో చూసినా. బాగా నగినా. మావాళ్లు నాకు ప్రమోషన్ వచ్చిందని చెప్పినారు మీకు. అది అట్ల వచ్చింది గాదు. మిషన్ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పినాడు. అందుకని నేనే ఓనర్ను అడుక్కొని రాతి మీద గీతలు గీసే పనికి మారినా. నా ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకున్యాది. ఉన్నది ఇంగ పోదంట. ఎక్కువ గాకుండా చూసుకోవాలంట. ఎన్నేండ్లు బాగుంటానో ఆయన చెప్పలా, నేనూ అడగలా.” ఊపిరి కోసం ఆగాడు. “మీరు మెట్ల పందెం అన్యారు. నేను మా వీధి చివరికి పోయేలోపల రెండు మార్లు నిలబడతా. చూసేటోళ్లకు అనుమానం రాకుండా ఫోన్ తీసి చూస్తాన్నట్టు నటిస్తా.”

సలోమి కెమెరాను అతని మొహానికి కాస్త దగ్గరగా జరిపింది.

“మా నాయన గూడా రాతి పనే. ఇట్లనే దగ్గి దగ్గి పోయినాడు. ఊర్లో టీబీ అన్యారు. టీబీ గాదు. మా అమ్మకు పెండ్లినాడు ఎవురూ నిజం చెప్పలా, మోసం చేసి కట్టబెట్టినారు. ఆయమ్మ పడిన బాధ నేను చిన్నప్పటి నుంచి చూసినా. అది మీకు చేయలేను. మీరు వద్దంటే నాకేం కోపం రాదు. చెప్పాలనుకున్నా, చెప్పినా. అంతే.”

ఇన్ని నెలలుగా సలోమి ఇట్లాంటి మాట కోసమే ఇల్లిల్లూ తిరిగింది. ఒక మనిషి, ఎవరూ నేర్పించకుండా, తన గురించి తాను చెప్పుకునే మాట. తీరా అది దొరికాక సంతోషించడానికి వీల్లేకుండా ఇట్లా దొరికింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు.

“తుడిపెయ్యి.”

సలోమి వెనక్కి తిరిగింది. హన్నమ్మ టీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎక్కడి నుంచి విందో తెలియదు.

“తుడిపెయ్యి సలోమమ్మా. వాడు చిన్నోడు, తెలీక వాగినాడు. ఇంట్లో చెప్పింది పంపియ్యి.”

“నేను తెలిసే చెప్పినా మా,” అన్నాడు అజయ్.

“నువ్వు నోర్ముయ్!”

సలోమి పక్కకు పోయి అరుణకుమారికి ఫోన్ చేసింది. సంగతంతా చెప్పింది. అటువైపు ముందు “అయ్యో పాపం!” అని వినపడింది. ఆ తర్వాత గొంతు మారింది.

“ఇంతకీ ప్రమోషన్ సంగతి రికార్డయింది గదా? అది చాలు. ఈ ముక్క తీసెయ్.”

“తీసేస్తే ఆ పిల్లకు ఎట్ల తెలుస్తాది మేడం?”

“సలోమీ, మనది పెండ్లిళ్ల బ్యూరో, ఆస్పత్రి గాదు. ఆరోగ్యం సంగతి వాళ్లూ వాళ్లూ మాట్లాడుకుంటారు.”

“ఎవరు మాట్లాడతారు? ఈడ తల్లేమో తుడిపెయ్యి అంటాండాది. ఆడ మీరేమో తీసెయ్ అంటాండారు. మాట్లాడినోడు ఒక్కడే, వాని మాటే వద్దంటాండారు అందరూ!”

“గొంతు తగ్గించు. సాయంత్రంలోపల నాకు వీడియో రావాల,” అని అరుణకుమారి ఫోన్ పెట్టేసింది.

నోరు తెరిస్తే గదా మనిషి తెలిసేది! ఆ మాట చెప్పిన మనిషే ఇప్పుడు ఇట్లా అంటోంది. సలోమికి ఆ ఫోన్‌ను ఎదురుగా ఉన్న రాతికేసి కొట్టాలనిపించింది.

హన్నమ్మ దగ్గరకు వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. “మేడం గూడా తీసెయ్ అన్నాది గదా? ఇంగేంది నీకు?”

“అత్తా, అది అజయ్ మాట. నాది గాదు, నీది గాదు. వాడు తుడిపెయ్యమంటే తుడిపేస్తా.”

“నీకేం పిల్లలా జెల్లలా? నీకేం తెల్సు కడుపుతీపి!”

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. సలోమి తగిలినట్టు కనపడనివ్వలేదు. “నాకు ల్యారు. ఆ రెబెకాకు ఒక అమ్మ ఉండాది గదా?”

“ఉండనీ! నాకు వీడొక్కడే ఉండాడు. నేను పోయినాక వీడు దగ్గుతా లేస్తే వీపు నిమిరేదెవరు? వేన్నీళ్లు కాచేదెవరు?”

“అంటే వేన్నీళ్లు కాచేదానికా ఆ పిల్లను తెచ్చుకునేది?”

హన్నమ్మ చెయ్యి జారిపోయింది. ఫ్లాస్కు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. అన్నందుకు సలోమి నొచ్చుకుంది గాని, వెనక్కి తీసుకోలేదు. గొంతు మాత్రం తగ్గించింది.

“అత్తా, ఒక్క మాట అడుగుతా. నీ పెండ్లప్పుడు, అజయ్ వాళ్ల నాయన ఛాతీలో దుమ్ముండాదని నీకు ఎవరన్నా చెప్పింటే, చేసుకుందువా?”

హన్నమ్మ కొడుకు వైపు చూసింది, షెడ్డులో ఉన్న నంది వైపు చూసింది.

“ఆ మాట అడగొద్దు.”

“అడగనీ మా,” అన్నాడు అజయ్. లేవకుండానే తల్లి చెయ్యి అందుకున్నాడు. “నిన్ను మోసం చేసినారు. మా నాయన మంచోడే, కాదనను. కానీ ఆ ఒగ మాట నీకు చెప్పక పాయె. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఆయన మీద కోపం పోదు. సమాధి కాడికి పోయినా ప్రార్థన నోట్లోకి రాదు. నేను గూడా అట్లాంటోణ్ణి గావాల్నా? చెప్పు.”

హన్నమ్మ కొడుకు మొహం వైపు అట్లాగే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం లేదు. ఇన్నేళ్లూ ఇంట్లో తనతో ఉన్నవాణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు ఉంది. “మీ నాయన మీద కోపమా నీకు?” అంది మెల్లగా. “ఇన్నేండ్ల నుంచీనా?”

అజయ్ సలోమి వైపు తిరిగి, “పంపియ్యక్కా. ఉన్నదున్నట్టు పంపియ్యి,” అన్నాడు.

భోజనాలకు పోయిన పనివాళ్లు ఇద్దరు దూరంగా వస్తూ కనిపించారు. ఇంకాసేపట్లో మిషన్లు మొదలవుతాయి. మొదలైతే దుమ్ము, దుమ్ములో అజయ్ ఉండకూడదు. సలోమి సంచి సర్దుకోబోయింది.

“ఆగు,” అంది హన్నమ్మ. “పంపేటట్టయితే నన్ను గూడా తియ్యి.”

“నిన్నెందుకత్తా?”

“వాడు సగమే చెప్పినాడు. నన్ను తియ్యి. ఆ పిల్ల అదీ ఇనాల, ఇదీ ఇనాల.”

సలోమికి మళ్లీ తల ప్రాణం తోకకొచ్చింది. ఏం చెబుతుందో తెలిసిందే. ఏడుస్తుంది, చేతులు జోడిస్తుంది, నా కొడుకు బంగారం తల్లీ అంటుంది. అజయ్ అంత కష్టపడి చెప్పిన నాలుగు మాటలూ ఆ కన్నీళ్లలో కొట్టుకుపోతాయి. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. కానీ అజయ్ మాట తీసేయమనే వాళ్లతో ఇంతసేపూ పోట్లాడి, ఇప్పుడు తానే ఒకరి మాట వద్దనడం ఏం న్యాయం? ఒక పెద్ద నిట్టూర్పు విడిచి కెమెరా పైకెత్తింది.

హన్నమ్మ కొడుకు పక్కన కూర్చోలేదు. ఎదురుగా, సమాధి రాళ్ల పక్కన నేల మీద కూర్చుంది. దుమ్ము చీరకంటుకుంటున్నా పట్టించుకోలేదు. ఏడవలేదు. చేతులూ జోడించలేదు.

“ఎర్ర లైటు వెలుగుతాందా?”

“వెలుగుతాందత్తా.”

“రెబెకమ్మా, నేను అజయ్ వాళ్లమ్మను. మావాడు చెప్పిందంతా నిజమే. ఒగటి మాత్రం తప్పు చెప్పినాడు. నాకు పెండ్లినాడు ఎవురూ చెప్పలేదన్యాడు. చెప్పినారు తల్లీ. వాళ్ల నాయనే చెప్పినాడు. పెండ్లి ఇంగ వారం ఉండాదనంగా మా చేనికాడికి ఒక్కడే వచ్చి, నా ఎదురుగా నిలబడి చెప్పినాడు.”

అజయ్ దిమ్మె మీంచి చప్పున లేచాడు. “మా! ఏమంటాండావు? మరి నాకెందుకు చెప్పల్యా? ఆయన మీద నేను ఇన్నేండ్లు…”

“నువ్వు గమ్మునుండు. నీకు చెప్పుకోలేకనే గదా ఇన్నేండ్లు ఊరుకున్యా.” హన్నమ్మ అతని వైపు తిరగలేదు. చూపంతా ఆ చిన్న కెమెరా మీదే ఉంది. “ఆయన చెప్పినాడు. నేను ఇన్యా. ఇన్నాక నేను చేసిన పని మా అమ్మకు తెల్దు, పాస్టరుగారికి తెల్దు, ఈ కొడుక్కి గూడా తెల్దు. ఇప్పుడు నీకు చెప్తాండా తల్లీ. ఇని, ఆ తర్వాత నువ్వే చెప్పు, మా ఇంటికి వస్తావో రావో.”